బారు పట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది. నీవు ఇకమీదట వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకే పూర్తిగా సిద్ధపడదలచినట్లు మీ నాన్న చెప్పాడు. దసరాకు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా, అంటే కర్రసాము, కత్తిసాము విన్యాసాలు చూస్తూ పెరిగినవాళ్లమే అయినా, ఆడపిల్ల బరువులెత్తుతానంటే మన ఇళ్లలో ఇప్పటికీ నాలుగు ప్రశ్నలు వేస్తారు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు మొదటిసారి చోటిచ్చిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే రెండు రకాల ఎత్తులూ కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి వాటికి ఎప్పుడో జవాబు చెప్పింది గనుక నేను వాటి జోలికి పోను. నాకు భయమల్లా తొందర గురించే.

ముందుగా నీ చేతిలోని బారు, అదే బరువుల పళ్లేలు తగిలించే ఇనుప కడ్డీ, దాని సంగతి చూసుకో. మహిళల పోటీ బారు 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు; పురుషులది 20 కిలోలు, 28 మిల్లీమీటర్లు. చాలా జిమ్ముల్లో ఆ రెండోదే దొరుకుతుంది. బొటనవేలిని బారుకు చుట్టి, దానిమీద చూపుడువేలూ మధ్యవేలూ వేసి బిగించే హుక్ గ్రిప్ చిన్న చేతులకు ఆ లావు బారు మీద కుదరదు. పట్టు జారుతుందన్న భయంతో స్నాచ్‌లో, అంటే బారును నేల నుంచి ఒక్క ఊపులో తలపైకి ఎత్తేటప్పుడు, మోచేతులు ముందే వంగడం అలవాటైతే, దాన్ని మాన్పించేసరికి ఏ కోచ్‌కైనా తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే ఖాళీ బారుతోనైనా సరే, సరైన బారుతో మొదలుపెట్టు. అరచేతుల్లో కాయలు కాసినప్పుడు ప్యూమిస్ రాయితో రుద్ది చదును చేసుకో. ఎత్తుగా పెరగనిస్తే అవి ఏదో ఒకరోజు చర్మంతో సహా లేచిపోతాయి.

ఇక అసలు విషయం ఒంటి బరువు. తక్కువ ఒంటి బరువు విభాగంలో దిగితే పతకం ఖాయమని ఆశపెట్టి, ముందురోజు నీళ్లు మాన్పించి, స్వెట్టర్లు తొడిగించి పరుగెత్తించేవారు నీకు తప్పకుండా ఎదురవుతారు. ఎదిగే వయసులో దానికి ఒప్పుకోకు. తూకం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటసేపు సాగుతుంది, నీరు ఎండిన ఒళ్లు అంతలోనే కోలుకోదు. 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయిన మల్లీశ్వరి, సిడ్నీలో పతకం గెలిచింది 69 కిలోల విభాగంలోనని గుర్తుంచుకో. నెలసరి తప్పినప్పుడు "ఆటల్లో ఇది మామూలే" అని ఎవరన్నా నమ్మకు. తిండి చాలడం లేదనడానికి అది గుర్తు కావచ్చు, పట్టించుకోకపోతే ఎముకలు దెబ్బతింటాయి, కాబట్టి వెంటనే డాక్టరుకు చూపించు. మన చేపల కూర, గుడ్లు, పప్పు, పెరుగన్నం కడుపునిండా తిను.

బలానికని అమ్మే పొడి డబ్బాల విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల 53 కిలోల విభాగంలో పదహారేళ్ల నైజీరియా అమ్మాయి స్వర్ణం గెలిచి, డోప్ పరీక్షలో దొరికి దాన్ని పోగొట్టుకుంది. మన విజయనగరం జిల్లా మత్స సంతోషి కాంస్యం అప్పుడు రజతమైంది. ఎవరిచ్చినా, ఏమని చెప్పి ఇచ్చినా, ఒంట్లో నిషిద్ధ పదార్థం దొరికితే బాధ్యత క్రీడాకారిణిదే. జలుబు మందైనా సరే, అది నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడకుండా మింగకు.

పోటీలో మొదటి ప్రయత్నానికి, జ్వరం నుంచి లేచినా ఎత్తగలిగిన బరువే రాయించు. 2016 రియో ఒలింపిక్స్‌లో మీరాబాయి చాను, బారును ముందు భుజాల మీదికి, అక్కడినుంచి తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలూ విఫలమై, రెండు ఎత్తులూ కలిపి లెక్కించే మొత్తమే లేకుండా వెనుదిరిగింది. మరుసటి ఏడాదే ప్రపంచ విజేత అయింది, ఆపై టోక్యోలో 202 కిలోలతో రజతం గెలిచింది. అంతటి ఆమెకే తప్పలేదు, జిల్లా పోటీలో పక్కవాళ్లు రాయించిన అంకె చూసి నీవు నీ అంకె పెంచడం దేనికి?

రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంది. సర్టిఫికెట్లన్నీ ఒకచోట దాచు, డిగ్రీ మానకు.

వీలు చూసుకుని నీ స్నాచ్ వీడియో పంపు. ఫోను పక్కవైపు పెట్టి తీయించు, ఎదురుగా తీస్తే బారు ఒంటికి ఎంత దూరంగా పోతున్నదో నాకు తెలియదు.

మీ అత్తయ్య