అమిట్రిప్టిలిన్ మొదలయ్యాక అమ్మగారికి కంటినొప్పి

మీ అమ్మగారికి సాయంత్రాలు కన్ను నొప్పిపుట్టడం, వీధిదీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడటం అమిట్రిప్టిలిన్ (మానసిక వైద్యులు దిగులు తగ్గడానికి రాసే మాత్ర) మొదలయ్యాకే వచ్చాయని రాశారు కనుక, కారణం బహుశా ఆ మాత్రే. అది కంటిపాపను విప్పార్చి, ముందే ఇరుకుగా ఉన్న కోణాన్ని (కంటిలోని ద్రవం బయటికి పోయే సందును) మూసి, కంటిలో ఒత్తిడిని పెంచగలదు.

1. మాత్రను మీ అంతట మీరు ఆపకండి.

2. వాల్తేరులో మానసిక వైద్యశాల, కంటి ఆసుపత్రి రెండూ ఉన్నా, ఒకచోట రాసిన చీటీని రెండోచోట చూపించడం చాలామంది మరచిపోతారు. రెండు చీటీలూ కంటి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి, గోనియోస్కోపీ (అద్దంతో ఆ కోణాన్ని చూసే పరీక్ష) అవసరమా అని అడగండి. నొప్పి లేని వేళ కంటి ఒత్తిడి మామూలుగానే ఉండవచ్చు కనుక దాన్ని కొలవడం ఒక్కటే చాలదు.

3. కోణం ఇరుకని తేలితే లేజరుతో ఐరిస్‌కు (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరకు) చిన్న రంధ్రం చేయవచ్చు. మాత్ర మార్పు ఇద్దరు వైద్యులూ కలిసి తేల్చాలి.

తీవ్రమైన నొప్పితో వాంతులు, చూపు మసక వస్తే తెల్లవారేదాకా ఆగక అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.