సెంటర్ ఇప్పుడు ఎక్కడ నిలబడాలి?

ప్ర: ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్‌ల్లో బాస్కెట్ దగ్గర కాసే ఏడడుగుల సెంటర్ స్క్రీన్ దగ్గరికి రాకుండా వెనక్కి వెనక్కి జరుగుతుంటాడు. బాల్ ఉన్నవాడికి దారి ఇచ్చేస్తున్నట్టే ఉంటుంది. అది బద్ధకమా, ప్లానా? (వరంగల్ పాఠకురాలు)

జ: ప్లానే. దాని పేరు డ్రాప్. స్క్రీన్ అంటే బాల్ ఉన్నవాడిని కాసే గార్డుకు అడ్డంగా ఎదుటి జట్టు ఆటగాడు నిలబడటం. స్క్రీన్ పెట్టే ఆటగాడిని కాసే సెంటర్ ముందుకు రాడు. ఫ్రీ త్రో గీతకు కాస్త అటూ ఇటూగా, బాల్‌కూ రిమ్‌కూ (బాస్కెట్ రింగ్) మధ్యలో ఉంటాడు. గార్డు స్క్రీన్‌కు బాల్ ఉన్న వైపునుంచి దూరి, బాల్ ఉన్నవాడి వీపుకు అంటుకుని వస్తాడు. ఎదురుగా సెంటర్, వెనక గార్డు. ఆర్క్ (మూడు పాయింట్ల గీత) బయట త్రీ కొట్టనివ్వరు, రిమ్ దగ్గర లేఅప్ వేయనివ్వరు. ఇక మిగిలింది పరుగులో ఆగి కొట్టే రెండు పాయింట్ల షాట్. దాన్ని మాత్రం తెలిసే వదులుతారు. 2018-19లో బుడెన్‌హోల్జర్ కోచ్‌గా వచ్చాక మిల్వాకీ బక్స్ బ్రూక్ లోపెజ్‌తో ఆడించింది ఇదే.

చూడ్డానికి తేలిక. నిజానికి సెంటర్‌ది రెండు పడవల మీద కాళ్ల పని: ఎదురుగా బాల్, పక్కనుంచి రిమ్ వైపు దూసుకొచ్చే స్క్రీనర్. స్క్రీన్ వస్తోందని, ఏ వైపునుంచో కూడా, గార్డుకు ముందే అరిచి చెప్పాలి. తగిలాక చెబితే లాభం లేదు. మోకాళ్లు వంచి, ఒక పాదం కొంచెం వెనక పెట్టాలి. ఒక చెయ్యి కింద, నేల తట్టి ఇచ్చే పాస్‌కు అడ్డంగా. రెండోది పైన, లాబ్‌కు (ఎత్తుగా వేసే పాస్) అడ్డంగా. బాల్ ఎంత వేగంగా వస్తే అంతే వేగంగా వెనక్కి జరగాలి. ఎదుటివాడు డ్రిబుల్ ఆపి బాల్‌ను రెండు చేతుల్లోకి తీసుకునేదాకా పాదాలు నేల వదలకూడదు. ముందే ఎగిరితే తల మీదుగా లాబ్ వెళ్లిపోతుంది. మరీ లోతుకు దిగిపోతే ఫ్లోటర్‌కు (చేతికి అందకుండా ఎత్తుగా వదిలే షాట్) తీరుబడి దొరుకుతుంది. ఎగిరేటప్పుడు నిటారుగా, చేతులు రెండూ పైకి. శరీరం ముందుకు వాలిందంటే ఫౌలే. 2013 ప్రాంతంలో ఇండియానా పేసర్స్ సెంటర్ రాయ్ హిబ్బర్ట్ ఈ నిటారు ఎగురుడుతోనే పేరు తెచ్చుకున్నాడు.

డ్రాప్ ఎక్కువగా చెడేది గార్డు దగ్గర. అతను స్క్రీన్‌కు తగులుకుని ఆగిపోతే, స్టెఫెన్ కర్రీ, డేమియన్ లిల్లార్డ్ లాంటివాళ్లు అక్కడికక్కడే త్రీ కొట్టేస్తారు. టీవీలో కనిపించేది మాత్రం దూరంగా నిలబడి చూస్తున్న సెంటర్! ఇలాంటి షూటర్లు ఎదురైనప్పుడు సెంటర్ స్క్రీన్ దాకా పైకి వచ్చి, గార్డు కోలుకోగానే వెనక్కి పరిగెత్తాలి. స్క్రీనరే త్రీ కొట్టగలవాడైతే ఇంకో చిక్కు. అతను రిమ్ వైపు రాకుండా బయటికే జరుగుతాడు, సెంటర్ అందుకోలేడు. పక్కనున్న మూడో డిఫెండర్ ఒక్క అడుగు అటు వేసి, షూటర్‌ను తటపటాయించేలా చేసి, తిరిగి తన మనిషి దగ్గరికి రావాలి.

ప్ర: రూడీ గోబర్ట్‌కు నాలుగుసార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు. ప్లేఆఫ్స్‌లో మాత్రం అతను పనికిరాడంటారు. అవార్డు తప్పా, మాట తప్పా? (గుంటూరు పాఠకుడు)

జ: మాటే తప్పు, కానీ ఊరికే పుట్టలేదు. 2021 జూన్, క్లిప్పర్స్-జాజ్ సిరీస్ ఆరో మ్యాచ్. గోబర్ట్ అప్పుడు జాజ్ సెంటర్. క్లిప్పర్స్ ఐదుగురు షూటర్లను దింపింది. గోబర్ట్ కాయాల్సిన టెరన్స్ మాన్ కార్నర్‌లో (బాస్కెట్ వైపు కోర్టు మూల) నిలబడ్డాడు. జాజ్ గార్డులు మొదటి అడుగులోనే ఓడిపోతున్నారు. గోబర్ట్ రిమ్ కాయడానికి వెళ్లగానే బాల్ కార్నర్‌కు. అక్కడినుంచి రిమ్‌కు దూరం 22 అడుగులు. పాస్ సెకను లోపే చేరుతుంది, ఏ సెంటరూ అంత త్వరగా చేరడు. మాన్ ఏడు త్రీలతో 39 పాయింట్లు చేశాడు, 25 పాయింట్లు వెనకబడిన జట్టు గెలిచింది. గోబర్ట్ రిమ్ వదిలి కార్నర్‌లోనే ఉండుంటే? లేఅప్‌లు పడేవి. తప్పు ఆర్క్ దగ్గర మొదలైంది, బిల్లు మాత్రం గోబర్ట్ పేరున వచ్చింది. సెంటర్ వదిలిన కార్నర్‌కు దగ్గర్లోని సహచరుడు పరిగెత్తాలి, అతను వదిలినవాడిని మరొకడు అందుకోవాలి. ఆ గొలుసు జాజ్ దగ్గర లేదు.

2023-24లో మిన్నెసోటాలో అదే గోబర్ట్ ముందు జేడెన్ మెక్‌డేనియల్స్, ఆంథొనీ ఎడ్వర్డ్స్ ఉన్నారు. ఆ సీజన్లో లీగ్‌లో మొదటి డిఫెన్స్ వాళ్లదే. అలాగని గోబర్ట్‌కు హద్దు లేదని కాదు. డల్లాస్‌తో వెస్ట్ ఫైనల్స్ రెండో మ్యాచ్ ఆఖరి క్షణాల్లో లూకా డాంచిచ్ ముందు ఒంటరిగా చిక్కి, వెనక్కి గెంతి కొట్టిన త్రీకి బలయ్యాడు. ఒక్క పాయింట్‌తో మ్యాచ్ పోయింది. స్విచ్, అంటే స్క్రీన్ రాగానే కాసే మనుషుల్ని మార్చుకోవడం, అతని బలం కాదు.

ప్ర: ఆరున్నర అడుగుల డ్రేమాండ్ గ్రీన్ సెంటర్‌గా ఎలా నెగ్గుకొచ్చాడు? (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి)

జ: స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ మనుషుల్ని మార్చుకోవడం వల్ల. గార్డును ఆర్క్ దగ్గర ఎదుర్కోగలడు, పెయింట్‌లో (రిమ్ ముందున్న రంగు వేసిన చోటు) పెద్దవాళ్లకూ తలొగ్గడు. 2017 డిఫెన్స్ అవార్డు అతనిదే. అయితే స్విచ్‌లో ఇంకో పక్క చిన్న గార్డు రిమ్ కింద పెద్దవాడికి చిక్కుతాడు. బాల్ లోపలికి రాకముందే మూడోవాడు వచ్చి ఆ గార్డును బయటికి నెట్టి తాను నిలబడాలి. ఆలస్యమైతే ఫౌలో, అఫెన్సివ్ రీబౌండో ఖాయం.

ప్ర: సెంటర్‌ను ఎదుటి సెంటర్ మీద కాకుండా కార్నర్‌లోని ఆటగాడి మీద పెట్టడం ఎందుకు? (విశాఖ పాఠకుడు)

జ: ఆ ఆటగాడికి షాట్ లేకపోతే అతన్ని వదిలి రిమ్ కాయొచ్చు కాబట్టి. 2015 ప్లేఆఫ్స్‌లో వారియర్స్ ఆండ్రూ బోగట్‌ను మెంఫిస్ ఆటగాడు టోనీ అలెన్ మీద 'పెట్టింది'. నిజానికి బోగట్ పెయింట్‌లోనే ఉన్నాడు. 2-1తో వెనకబడిన జట్టు 4-2తో సిరీస్ గెలిచింది. 2022లో ఫైనల్స్ దాకా వెళ్లిన బోస్టన్‌లో రాబర్ట్ విలియమ్స్ పాత్ర కూడా ఇంచుమించు ఇదే. 2001-02లో ఇల్లీగల్ డిఫెన్స్ నిబంధనలు (తన మనిషిని వదిలి ఖాళీ చోటు కాయకూడదన్నవి) తీసేయకపోతే ఇది కుదిరేది కాదు. దానికి బదులు వచ్చింది మూడు సెకన్ల నిబంధన: చెయ్యి చాపే దూరంలో ఎవరినీ కాయకుండా పెయింట్‌లో మూడు సెకన్లు దాటితే ఎదుటివాళ్లకు ఒక ఫ్రీ త్రో, బాల్ కూడా వాళ్లకే. అందుకే ఎన్‌బీఏ సెంటర్లు ఒక కాలు బయటపెట్టి మళ్లీ లోపలికి వస్తుంటారు.

ప్ర: మా కాలేజీ జట్టులో సెంటర్ ఆరడుగుల రెండంగుళాలు, వేగం తక్కువ. ఇవన్నీ మాకు పనికొస్తాయా? (హైదరాబాద్)

జ: డ్రాప్ పనికొస్తుంది, స్విచ్ వద్దు. మన టోర్నీలు ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలతో నడుస్తాయి. డిఫెన్స్‌కు మూడు సెకన్ల నిబంధన లేదు, అంటే మీ సెంటర్ పెయింట్‌లోనే ఉండిపోవచ్చు. త్రీ గీత కూడా 6.75 మీటర్లే, ఎన్‌బీఏలో అది 7.24. కాబట్టి ఆర్క్ దాకా పరుగు కాస్త తక్కువ, కార్నర్‌లో మాత్రం తేడా నామమాత్రమే. ఇంకో వెసులుబాటు: షాట్ బాల్ రింగ్‌ను తాకాక, అది రింగ్ పైనే ఉన్నా చేత్తో కొట్టేయొచ్చు. ఎన్‌బీఏలో అలా చేస్తే బాస్కెట్ ఇచ్చేస్తారు. ప్రాక్టీస్‌లో ముందుగా ఇద్దరు దాడి చేసేవాళ్లు, ఇద్దరు కాసేవాళ్లతో డ్రాప్ ఆడించండి. సెంటర్ చేతులు వీపు వెనక కట్టుకోవాలి, పాదాలతోనే అడ్డుకోవాలి. ఫిబాలో ఐదో ఫౌల్‌కే బయటికి పంపేస్తారు, ఎన్‌బీఏలోలా ఆరు దాకా ఆగరు. మొదటి క్వార్టర్‌లోనే రెండు తెచ్చుకుంటే మీ సెంటర్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టక తప్పదు.