విలన్‌ని ఎవరు తయారుచేశారో రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. రియాలిటీ షోల గురించి, వాటిలో కనిపించే సెలబ్రిటీలంటే జనానికున్న చిరాకు గురించి రాశావు. వాక్యం బాగా నడిచింది. వెటకారం నీకు చేతనవును, అది అందరికీ అబ్బేది కాదు. కానీ చివరిదాకా చదివాక నాకు తెలిసింది ఒక్కటే, ఆ మనుషులంటే నీకు పడదని. ఆ మాట చెప్పడానికి పాఠకుడికి నువ్వు అక్కర్లేదు. షో చూసి టీవీ కట్టేసే వేళకే అతనికి ఆ ఒళ్లుమంట వచ్చేసి ఉంటుంది. దాన్ని ఎవరు తెప్పించారో, ఎలా తెప్పించారో చెప్తే అప్పుడు నీ వ్యాసంతో అతనికి పని పడుతుంది.

ముందు ఎడిటింగ్ సంగతి చూడు. కొందరిని ఒక ఇంట్లో పెట్టి రోజంతా అన్ని మూలల నుంచీ తీస్తారు. మనకు చూపించేది గంట, ప్రకటనలు పోతే ఇంకా తక్కువ. ఒకమ్మాయి పొద్దున్నుంచీ అందరికీ సాయం చేసి, సాయంత్రం ఒక్కసారి గొంతు పెంచిందనుకో. ఆ ఒక్కటీ ఉంచి మిగతాది తీసేస్తే చూసేవాళ్లకు ఆమె గయ్యాళి. అందులో ఆమె అనని మాట ఒక్కటీ ఉండదు, అందుకే ఆమె కూడా కాదనలేదు.

నువ్వు ఎద్దేవా చేసిన గొడవ సీను మళ్లీ పెట్టుకుని చూడు, ఈసారి సౌండ్ తీసేసి. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఇంకొకరు విసుగ్గా కళ్లు తిప్పిన క్లోజప్ పడుతుంది కదా. ఆ విసుగు ఆ మాటకేనని నమ్మకమేమిటి? జుట్టు ముడి చూడు, చెవిపోగులు చూడు, బల్ల మీద గ్లాసులో నీళ్లు ఎంతున్నాయో చూడు. సగమే ఉన్న గ్లాసు తర్వాతి షాట్‌లో నిండుగా కనిపిస్తే ఆ చూపు వేరే పూటది అయ్యుండొచ్చు. తర్వాత కళ్లు మూసుకుని విను. కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని మనసులో మాట చెప్పే ముక్కలుంటాయే, వాటిలో మనిషి ముఖం తప్పించి వేరే దృశ్యం వేసినచోట ఒక్కోసారి గొంతు ఉన్నట్టుండి మారుతుంది. నాలుగు చోట్ల అన్న మాటలు కత్తిరించి ఒకే వాక్యంగా కుట్టినప్పుడు అలా వినిపిస్తుంది. అలా కుట్టిన ముక్కకి ఆ రంగంలో ఫ్రాంకెన్‌బైట్ అని పేరే ఉంది. ఇదంతా పట్టుకోవడానికి లోపలి మనుషులెవరూ తెలిసి ఉండక్కర్లేదు, చేతిలో రిమోట్ ఉంటే చాలు.

రాసేవాళ్లం గనక మనకి తెలియాల్సిన ముక్క ఇంకొకటుంది. 1988లో హాలీవుడ్ రచయితలు నెలల తరబడి సమ్మె చేసినప్పుడు, రచయిత లేకుండా నడిచిపోయే కార్యక్రమాలకు గిరాకీ వచ్చింది. పోలీసుల వెంట కెమెరా తిప్పే 'కాప్స్' 1989లో తెర మీదికొచ్చిన నేపథ్యం అది. స్క్రిప్టు లేదని చెప్పుకునే ఈ షోలలో కథ అల్లే ఉద్యోగానికి స్టోరీ ప్రొడ్యూసర్ అంటారు. ఎవరు మంచివాడు, ఎవరు కంత్రీ, ఎవరిని ఏ వారం ఏడిపించి మళ్లీ నిలబెట్టాలి అని చూసేది వాళ్లే. చేసేది మన పనే, పేరు మార్చారంతే. ఒక పాత్ర మీద పాఠకుడికి కోపం ఎలా రప్పిస్తారో నీకు తెలుసు కదా, ఆ కన్నుతోనే ఎపిసోడ్ చూడు.

ఆట నియమాలు కూడా చదువు, వాటిలోనే సగం కథ ఉంటుంది. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన 'బిగ్ బ్రదర్' మరుసటేడు బ్రిటన్ చేరింది. అక్కడ ప్రేక్షకులు ఫోన్ చేసి వేసింది బయటికి గెంటే ఓటు. అంటే ఎవరంటే పడదో చెప్పడానికి జనం చేతి డబ్బు ఖర్చుపెట్టుకున్నారు. అదే ఆట 'బిగ్ బాస్'గా మారినచోట నచ్చినవాళ్లని నిలబెట్టడానికి ఓటు వేస్తారు. అక్కడ తయారయ్యేది అభిమానుల దండు. ఆ దండు తన మనిషిని పొగడటంతో ఆగదు, ఎదుటి మనిషి ఇంటిల్లిపాదినీ తిడుతుంది. ప్రేక్షకుడికి ఏం అనిపించాలో నియమం ముందే ఎలా తేల్చేస్తుందో నీ వ్యాసంలో ఒక్క పేరా అయినా ఉండాలి.

కసి తీర్చుకోవడం కూడా ఆటలో భాగమే. 2022 నవంబరులో మాట్ హాన్‌కాక్ సంగతి గుర్తుందా? బ్రిటన్‌లో కోవిడ్ కాలపు ఆరోగ్య మంత్రి. భౌతిక దూరం నిబంధనల్ని తనే తప్పి 2021లో రాజీనామా చేశాడు. ఎంపీగా ఉంటూనే 'ఐయామ్ ఎ సెలబ్రిటీ'లో చేరి ఆస్ట్రేలియా అడవికి వెళ్లాడు. పురుగులు, బురద పరీక్షలకు ఎవరిని పంపాలో ఓటు వేసేది ప్రేక్షకులు. వరసబెట్టి అతన్నే పంపారు. కడుపుమంట కొంత చల్లారినట్టుంది, చివరికి అదే ప్రేక్షకుల ఓట్లతో అతను మూడో స్థానంలో నిలిచాడు. ఆ షో నుంచి అతనికి ముట్టింది 3,20,000 పౌండ్లు. కోవిడ్‌లో అయినవాళ్లని పోగొట్టుకున్న కుటుంబాలకు మాత్రం ఆ పురుగుల వల్ల ఒరిగిందేమీ లేదు. జనం కోపంలో న్యాయం లేదని కాదు నేననేది. మంత్రిని అడగాల్సిన ప్రశ్న వదిలేసి బురదలో ముంచి నవ్వుకున్నారు, అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు. టీఆర్పీకి తిట్టుకుంటూ చూసేవాడూ మురిసిపోతూ చూసేవాడూ ఒకటే లెక్క.

ఇక జేడ్ గుడీ కథ తెలియకుండా ఈ విషయం మీద కలం పట్టకు. 2002లో బ్రిటిష్ 'బిగ్ బ్రదర్'కి వచ్చేనాటికి ఆమె పళ్ల డాక్టరు దగ్గర పనిచేసిన మామూలు అమ్మాయి. సొంత దేశంలోని ఒక ప్రాంతాన్ని విదేశం అనుకుంది. దేశమంతా నవ్వింది, టాబ్లాయిడ్ పత్రికలు ఆమెని పందితో పోల్చాయి. ఏ తెలివితక్కువతనానికి తిట్టారో దాన్నే ముద్దు చేసి, తర్వాత కొన్నేళ్లపాటు ఆమెతో పేజీలు నింపుకున్నాయి. 2007 జనవరిలో సెలబ్రిటీల సీజన్‌కి ఆమెని మళ్లీ పిలిచారు. అక్కడ శిల్పా శెట్టిని జాత్యహంకారంతో వేధించిన వాళ్లలో ఆమె ఒకరు. నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కి 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి, స్పాన్సరు తప్పుకున్నాడు, శిల్పా శెట్టి గెలిచింది. జేడ్ పేరెత్తితే మనుషులు ముఖం చిట్లించే రోజులొచ్చాయి.

మరుసటి ఏడాది ఆమె 'బిగ్ బాస్'కి వచ్చింది. ఆ సీజన్‌కి హోస్ట్ శిల్పా శెట్టే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని జేడ్‌కి తెలిసింది ఆ ఇంట్లో ఉండగానే, కెమెరాల మధ్య. 2009 మార్చిలో చనిపోయేనాటికి ఆమెకి 27 ఏళ్లు. పందితో పోల్చిన తరహా పత్రికలే కన్నీళ్లతో ప్రత్యేక పేజీలు వేశాయి. ఆమె జబ్బు వార్తలు నడిచిన ఆ ఏడాది ఇంగ్లండ్‌లో ఆ క్యాన్సర్ పరీక్షలకి మామూలుకన్నా 4 లక్షలకు పైగా ఎక్కువ హాజరు కనిపించిందని తర్వాత అధ్యయనం తేల్చింది.

దీన్ని రాయడం కష్టం, అందుకే చెప్తున్నాను. శిల్పా శెట్టి విషయంలో ఆమె చేసింది తప్పే, దాన్ని మెత్తగా చెప్పకు. చనిపోయింది కదా అని కడిగెయ్యకు. అదే సమయంలో ఆ మాటల్ని ఏరి ప్రసారం చేసిన ఛానెల్‌నీ, పక్క పేజీలో ఆమె ఫోటోలు అమ్ముకున్న పత్రికనీ వదలకు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరి పిడికిలి ఎంతో తూచి చెప్పడమే నీ పని. నీ డ్రాఫ్ట్‌లో మాత్రం మొత్తం బరువు నువ్వు ఎద్దేవా చేసిన ఆ పోటీదారు అమ్మాయి నెత్తిన పెట్టావు, ఎందుకంటే తెర మీద కనిపించేది ఆమె ఒక్కతే.

అలాగని పోటీదారులందరూ పాపం అమాయకులని కూడా రాయకు. ఇన్నేళ్ల తర్వాత ఆ ఇంట్లోకి వెళ్లేవాడికి కెమెరా ఎక్కడుందో తెలుసు, గొడవ పడితే ప్రోమోలో పడతామనీ తెలుసు. విలన్‌గా పేరొస్తే రేపు నాలుగు అవకాశాలు వస్తాయని లెక్కేసుకుని వెళ్లేవాళ్లున్నారు. వాళ్లని వాళ్ల లెక్కతో సహా చూపించు. నీ కలానికి అది చేతనవును.

"జనం అసహ్యించుకుంటున్నారు" అని పేరా పేరాకీ రాశావు. ఏ జనం? ట్రెండింగ్‌లో ఉన్న హ్యాష్‌ట్యాగ్ జనం కాదు, ఒకే మనిషి పది పోస్టులు పెట్టొచ్చు. పైగా అసహ్యం అన్నీ ఒక రకం కాదు. ఏ విద్యా లేకుండా పేరొచ్చిందన్న కడుపుమంట వేరు. మనవాడనుకున్నవాడు ముఖం తిప్పుకుంటే వచ్చే కోపం వేరు. రోజూ తెర మీద చూసే మనిషితో మనకేదో పరిచయం ఉందనిపిస్తుంది. దాన్ని హోర్టన్, వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే పారాసోషల్ అన్నారు. అవతలివాడికి మనమెవరమో తెలియని చుట్టరికం అది. ఆ చుట్టరికం చెడినప్పుడు వచ్చే కోపానికీ, ఈర్ష్యకీ నువ్వు ఒకే మాట వాడావు. విడదీసి రాయి.

నీ వ్యాసం రెండో పేజీలో ఆ పోటీదారు అమ్మాయి ఒంటి మీద వేసిన జోకు తీసెయ్. నవ్వొచ్చే మాటే, నాకూ వచ్చింది. అయినా తీసెయ్. ఆ ఒళ్లు ఎడిటింగ్‌లో తయారైంది కాదు. బ్రిటన్‌లో 2019లో ఒక టీవీ షోలో పాల్గొన్న మనిషి చనిపోయాక ఆ షో ఆపేశారు, పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది, 2021 ఏప్రిల్ నుంచి పాల్గొనేవాళ్ల మానసిక క్షేమం చూడాలని ఆఫ్‌కామ్ నియమం పెట్టింది. ఛానెళ్లకి నియమాలొచ్చాయి. రాసేవాళ్లకి అలాంటివి లేవు, ఎవరికి వాళ్లమే పెట్టుకోవాలి.

ఇంకొకటి. సీజన్ నడుస్తుండగా దీన్ని అచ్చుకివ్వకు. ఇప్పుడు వేస్తే నువ్వెంత తిట్టినా అది ఫ్రీ పబ్లిసిటీయే. వ్యూస్ వస్తాయని నిన్ను తొందరపెడతారు, టెన్షన్ పడకు. షో అయిపోయి, ఇంకో గొడవ వార్తల్లోకొచ్చాక, ఆ ఇంట్లో ఉండొచ్చిన వాళ్లలో ఒకరిని కలువు. ఎలా అనిపించిందని అడగకు, ఇంటర్వ్యూల్లో చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబే వస్తుంది. ఒక ఎపిసోడ్ ఇద్దరూ కలిసి చూడండి. ఏ మాట ఏ రోజుదో, ఆ మాటకి ముందు ఎవరేమన్నారో, కెమెరా వెనక నుంచి ఏ ప్రశ్న వేస్తే ఆ జవాబు చెప్పారో అడుగు. కాంట్రాక్టు ప్రకారం చెప్పకూడని సంగతులుంటాయి, వాటి కోసం పట్టుబట్టకు. "ఇది చెప్పలేను" అన్నచోట మాత్రం ఎపిసోడ్‌లో ఆ నిమిషం రాసిపెట్టుకో.

నీ
అన్నయ్య