ఐమూల కొలతలు

అమ్మలూ, దీవెనలు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ మీద అరగంట చాడీలు చెప్పింది. "నీ మేనకోడలు ఎక్కణ్ణుంచో తుప్పు బండి ఈడ్చుకొచ్చి షెడ్డులో పెట్టింది. సీట్లు పీకేసింది, అద్దాలు పీకేసింది. రేసు కారు కడుతుందట. అంతా మేనమామ పోలిక" అంది. ఏం బండే అంటే "రెండు డోర్ల పాత బీఎండబ్ల్యూ" అంది. అంటే ఎనభైల నాటి ఈ30 మోడల్ షెల్లు, ఒట్టి బాడీ. దాన్ని ఆ మోడల్ రేసు రూపమైన ఎం3కి నకలుగా కడుతున్నావన్నమాట. నేను మాట్లాడతాలే అని గొంతు గంభీరంగా పెట్టి ఫోన్ పెట్టేశాను. తర్వాత ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు ఒకటి చెప్పు. వెల్డింగ్ రాత్రిళ్లు ఒక్కదానివే చేస్తున్నావా? చేస్తుంటే ఈ ఉత్తరం ఇక్కడే ఆపి, వెళ్లి షెడ్డుకి తాళం వేసి, తాళం చెవి మీ అమ్మ చేతికివ్వు. నా మీద కోపం తగ్గాక మిగతాది చదువుదువుగాని.

కారు ఎంచుకోవడంలో నిన్ను తప్పు పట్టను. అప్పట్లో గ్రూప్ ఏ అనే రేసు తరగతి నిబంధనల ప్రకారం బరిలో దిగాలంటే అలాంటి రోడ్డు కార్లు ఏడాదిలో 5,000 తయారుచేసి చూపించాల్సి వచ్చేది. అందుకని రేసు కారుని ముందు ఊహించుకుని, దాని కోసమే రోడ్డు మీద తిరిగే ఎం3ని కట్టారు. 1987లో రేసు డ్రైవరు రవాలియా వరల్డ్ టూరింగ్ కార్ ఛాంపియన్ అయింది దాంతోనే. అయితే నీ దగ్గరున్నది మామూలు ఈ30. బానెట్టు, రూఫ్, డోర్లు పక్కన పెడితే బయటి రేకుల్లో దాదాపు ఏదీ ఎం3తో కలవదు. చక్రాల మీద ఆ పెట్టెల్లాంటి ఉబ్బులే కాదు, వెనక అద్దం వాలు కూడా వేరే, డిక్కీ మూత ఎత్తు కూడా వేరే. చాలామంది ఉబ్బులు అతికించి, రెక్క తగిలించి అయిపోయిందంటారు. పక్కనుంచి చూస్తే వెనక అద్దం దగ్గరే దొరికిపోతారు. చక్రాలకి దీనికి నాలుగు బోల్టులు, దానికి అయిదు. అక్కడ మొదలుపెడితే హబ్బులు, బ్రేకులు, సస్పెన్షను అన్నీ మార్చుకుంటూ పోవాలి. అది ముందే లెక్కలో వేసుకో.

ఇంజను ఆఖర్న చూసుకో. 2.3 లీటర్ల ఆ నాలుగు సిలిండర్ల అసలు ఇంజనే కావాలని పంతం పట్టకు.

నకలుని నకలనే చెప్పు. ఛాసిస్ నంబరు పలకని ముట్టుకోకు. ఈ విషయంలో నాకు ఇంకో మాట లేదు.

బరువు తగ్గించాలన్న పిచ్చి నీకూ పడుతుంది, అందరికీ పడుతుంది. 1987 ఛాంపియన్‌షిప్‌లో మొదటి రేసు మోంజాలో. ముందు గీత దాటిన ఆరు కార్లూ ఎం3లే. బాడీ రేకులు నిబంధనకంటే పల్చగా ఉన్నాయని ఆరింటినీ తీసేశారు. ఏడోదిగా వచ్చిన హోల్డెన్ కారు గెలిచింది! వెనక కంపెనీ అండ ఉన్న టీములకే అలా అయింది. నువ్వు డోరు లోపలి రేకుకి బెజ్జాలు పెట్టే ముందు ఆ ఏడో కారు డ్రైవర్ల మొహాలు ఒకసారి తలుచుకో.

చిన్న పనులకి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. విప్పిన ప్రతి బోల్టునీ సంచిలో వేసి పేరు రాయి. తీసే ముందు ఫొటో తియ్యి. నేల పలక మీద అతికించిన తారు షీట్లని డ్రై ఐస్ పెట్టి సుత్తితో తడితే పెంకుల్లా లేచిపోతాయి, షెడ్డు తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉంచు. తుప్పుని పుట్టీతో కప్పకు. జాకీ మీద ఉన్న కారు కిందకి దూరకు, స్టాండ్లు ఉన్నది అందుకే.

స్టాండ్లంటే గుర్తొచ్చింది. అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే ఆ స్టాండ్ల గురించి.

నా ఫోర్డ్ ఎస్కార్ట్ కారు నీకు తెలుసుగా. 1968లో ఫ్రాంక్ గార్డ్‌నర్ బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆ ఎరుపూ బంగారూ రంగుల కారుకి నకలు. నీ చిన్నప్పుడు దాని స్టీరింగ్ పట్టుకుని నోటితో ఇంజను శబ్దం చేసేదానివి. అది రెండుసార్లు కట్టిన కారు. ఆ ముక్క నీకెవరూ చెప్పి ఉండరు, నేను చెప్పనివ్వలేదు కాబట్టి.

షెల్లు ఖాళీ చేశాక దాన్ని నాలుగు స్టాండ్ల మీద ఎక్కించాను. నాలుగింటినీ ఒకే గాడిలో పెట్టాను. ఒకే గాడి కాబట్టి లెవెల్ అనుకున్నాను. షెడ్డు నేల నీళ్లు బయటికి పోవడానికి గుమ్మం వైపు కొంచెం వాలుగా ఉంటుందని నాకు తెలుసు. రోజూ ఆ నేల కడిగినవాణ్ణే. ఒక్కసారి రసమట్టం పెట్టి చూసి ఉంటే! పెట్టలేదు. పైగా డోర్ల కింద గడపలు, సిల్స్ అంటారే, అవి తుప్పు తినేశాయని రెండు వైపులవీ ఒకేసారి కోసేశాను. డోరు ఖాళీలో అడ్డకమ్మీ ఒక్కటైనా వెయ్యలేదు. గడపలు పోయిన షెల్లు అట్టపెట్టెతో సమానం అమ్మలూ. మూడు స్టాండ్ల మీద బరువు నిలిచింది, నాలుగో మూల మెల్లిగా దిగింది. కంటికి తెలియదు. ఆ దిగిన షెల్లుకే కొత్త గడపలు వేశాను. ఆ మీదట రోల్ కేజ్, అంటే కారు బోల్తా పడితే లోపలివాళ్లని కాపాడే గొట్టాల పంజరం, వెల్డ్ చేశాను. రెండు రాత్రుల్లో మొత్తం, ఈ కొస నుంచి ఆ కొసకి ఏకబిగిన. ఎంత నీటుగా వచ్చాయో ఆ అతుకులు! మొక్కై వంగనిది మానై వంగునా అంటారు చూడు, నేను వంకరగానే మానుని చేసి పెట్టాను.

రంగు కూడా అయ్యాక ముందు అద్దం బిగించడానికి మీ నాన్నని పిలిచాను. అద్దం చుట్టూ రబ్బరు, రబ్బరు గాడిలో తాడు. నేను లోపల కూర్చుని తాడు లాగుతుంటే బావ బయటనుంచి అరచేతులతో నొక్కుతున్నాడు. పై మూల దగ్గరకి వచ్చేసరికి టిక్కుమంది. గీత ఆ మూల నుంచి మధ్య దాకా పాకింది.

నేనేమన్నానో నాకింకా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీ చేతికి ఒక లెక్కా పత్రం లేదు. మా అక్కని కూడా ఇలాగే మోటుగా చూస్తావా" అన్నాను. అద్దం పగిలినందుకు ఆ మాట! బావ ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. వారం తర్వాత కొత్త అద్దం తెచ్చి షెడ్డు గోడకి ఆనించి పెట్టాడు, తన డబ్బుతో. మళ్లీ ఇద్దరం బిగించాం. ఈసారి ఆయన పువ్వుని తాకినట్టు నొక్కాడు. పగల్లేదు. నేను ఆయనకి కనీసం బాగుందని కూడా చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున షెడ్డు తలుపు తీస్తే రెండో అద్దం మీద గీత. అదే మూల, అదే దారి. రాత్రంతా తాళం వేసిన షెడ్డు. ఎవరి చెయ్యీ పడలేదు.

అప్పుడు టేపు తీశాను. అద్దం చట్రానికి ఐమూలగా రెండు కొలతలు. ఒకదానికీ ఇంకోదానికీ 9 మిల్లీమీటర్ల తేడా. గోడ కట్టే మేస్త్రీలు పట్టుకునే నీళ్ల పైపు తెచ్చి నేల చూస్తే, గుమ్మం వైపు మూల స్టాండు 11 మిల్లీమీటర్లు కింద ఉంది. కుడి డోరు ఎందుకు ఎగదోసి వెయ్యాల్సి వస్తోందో, డోరు బందులు అరిగాయని ఎందుకు అనుకున్నానో, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. చల్లటి నేల మీద చాలాసేపు కూర్చున్నాను.

కేజ్ మళ్లీ కోశాను. ఆఖరి గొట్టం కోస్తుంటే, ఇంకా కొంచెం మిగిలుండగానే అది టంగుమని దానంతటదే తెగి, రెండు కొసలూ వేలు దూరేంత ఎడమయ్యాయి. అంత బిగువు దాచుకుని కూర్చుంది కారు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మళ్లీ మొదటికొచ్చి నిలబెట్టడానికి ఏడు నెలలు పట్టింది.

కాబట్టి నువ్వు చేసే వరుస ఇది. నేల ఎలా ఉన్నా సరే, షెల్లుని రసమట్టంతో చూసి స్టాండ్ల కింద ఉక్కు పలకలు పెట్టి లెవెల్ చెయ్యి. గడపలు మార్చాల్సొస్తే ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు, అదీ డోరు ఖాళీలో కమ్మీలు అతికించాక. సస్పెన్షన్ బిగించే బెజ్జాల నుంచి తూకపు గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టి ఐమూలగా కొలువు. కేజ్ మొత్తం ముందు టాకులతోనే, అంటే చుక్కల్లాంటి చిన్న అతుకులతోనే, నిలబెట్టు. అప్పుడు డోర్లు తగిలించి, అద్దం చట్రాలు కొలిచి, అన్నీ కుదిరితేనే నిండా వెల్డ్ చెయ్యి. అదీ ఇక్కడ కాస్త, ఎదురు మూల కాస్త. వేడి రేకుని ఎటు లాగుతుందో నీ మాట వినదు.

కేజ్‌కి అతుకు లేకుండా, వేడి చెయ్యకుండా లాగిన ఉక్కు గొట్టమే వాడు, కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ అంటారు. ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల అనుబంధం జేలో వెనక ప్రధాన కమానుకి 45 మిల్లీమీటర్ల గొట్టం 2.5 మందం, లేదా 50 గొట్టం 2 మందం అని ఉంది. కాళ్లు షెల్లుకి ఆనే చోట కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల పలక ఉండాలి. నువ్వు దిగబోయే పోటీ వాళ్ల పుస్తకంలో ఇంకేమైనా ఉంటే అదే పాటించు. గొట్టాలు వంచే ముందే సీటు బిగించి, హెల్మెట్ పెట్టుకుని కూర్చుని చూసుకో. బెల్టుల లేబుల్ మీద ఏ ఏడాది దాకా పనికొస్తాయో రాసి ఉంటుంది, ఎవరో చవగ్గా ఇస్తున్నారని గడువు తీరినవి తేకు. కేజ్ ఉన్న కారుని హెల్మెట్ లేకుండా పక్క వీధి దాకా కూడా నడపకు, గొట్టానికి తల తగిలితే ఏమవుతుందో నాతో రాయించకు.

మళ్లీ మంట దగ్గరికే వస్తున్నా. ముసలాడి చాదస్తం అనుకో. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేస్తే చాలదు, షెడ్డులోంచే బయట పెట్టు. ఖాళీ ట్యాంకులో ఆవిరే ఎక్కువ ప్రమాదం. బ్యాటరీ తీసెయ్యి. జింకు పూత ఉన్న రేకు మీద పూత గీకకుండా వెల్డ్ చేస్తే ఆ పొగకి రాత్రి చలిజ్వరం వస్తుంది. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు: బ్రేక్ క్లీనర్ డబ్బాల్లో కొన్నిట్లో క్లోరిన్ ఉన్న ద్రావకం ఉంటుంది. దాంతో తుడిచిన ఇనుము మీద ఆర్క్ పెడితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషుల మీద వదిలిన విషవాయువు అదే. పీల్చిన వెంటనే ఏమీ అనిపించకపోవచ్చు, గంటల తర్వాత ఊపిరి అందదు. ఆ డబ్బాలు షెడ్డులో ఉంటే ఈరోజే బయట పడెయ్.

వెల్డింగ్ ఆపాక అరగంట అక్కడే కూర్చో. నేనొకసారి కూర్చోలేదు. దీపం ఆపి ఇంట్లోకి వెళ్లి, కళ్లజోడు మర్చిపోయానని తిరిగొచ్చాను. చీకట్లో కారు గడప లోపల ఎర్రటి చుక్క ఒకటి, లోపలి సీలెంటు నిప్పు పట్టి నెమ్మదిగా రాజుకుంటోంది. దీపం వెలుగుతుంటే కనపడేదే కాదు. నాకు చూపు బాగుండి ఉంటే ఆ షెడ్డూ లేదు, దాని గోడకి ఆనుకున్న గదిలో నిద్రపోతున్న నువ్వూ... నీకప్పుడు మూడేళ్లు. సెలవులకి వచ్చారు మీరు. మీ అమ్మకి ఇది చెప్పకు.

కారులో కూడా మంట ఆర్పే సిలిండరు, కరెంటంతా కట్ చేసి ఇంజనుని కూడా ఆపే స్విచ్చు, అది లోపల నీ చేతికీ బయట ఇంకొకరి చేతికీ అందేలా ఉండాలి. ఆ స్విచ్చు దగ్గర నీలం ముక్కోణంలో ఎర్ర మెరుపు గుర్తు అంటించు. ఇవి రంగు వేశాక చూద్దాంలే అనుకునేవి కావు.

మీ నాన్న ఈ పని వద్దంటున్నాడని కూడా మీ అమ్మ చెప్పింది. ఎందుకంటున్నాడో నీకిప్పుడు తెలిసింది. పాపం, రేసు కార్లంటే ఆయనకి గుర్తొచ్చేది నా నోరు. రెండో అద్దం ఎందుకు పగిలిందో ఆయనకి చెప్పాను, అదీ ఏడాది తర్వాత, నవ్వులాటగా. "అలాగా, పోన్లే" అన్నాడు. క్షమించమని మాత్రం ఇవాళ్టి దాకా అడగలేదు. నీ షెడ్డు చూడ్డానికి వచ్చినప్పుడు అడుగుతాను. ఈ వంకన అయినా నోరు పెగులుతుందేమో.

ఈ ఆదివారం షెల్లుని లెవెల్ చెయ్యి. ముందు అద్దం చట్రం, వెనక అద్దం చట్రం, రెండు డోరు ఖాళీలు, ప్రతిదానికీ ఐమూల కొలతలు రెండేసి. టేపు రెండో కొస మీ నాన్నని పట్టుకోమను. ఎనిమిది అంకెలూ కాగితం మీద రాసి ఫొటో తీసి నాకు పంపు. అవి చూసేదాకా వెల్డింగ్ మెషీన్ ప్లగ్గు పెట్టకు.

మామయ్య