క్యాన్సర్ వ్యాప్తి మీద పరిశోధనా? డేటా కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉంది. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తుల్లో ఎలా అతుక్కుంటాయో పీహెచ్‌డీలో తేలుస్తానంటోంది. మేమేమో లిక్విడ్ బయాప్సీ (రక్తపరీక్షతో క్యాన్సర్ జాడ పట్టడం) డేటా కోర్సు చేయమంటున్నాం, జీతాలు బాగుంటాయట. ఏది మేలు?
- ఓ తండ్రి

జవాబు: ఐదారేళ్లు చదివి చివరికి ఖాళీగా కూర్చుంటుందేమోనన్నది మీ అసలు భయం. కణాల పెంపకం, ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ కాంతితో పరీక్షించడం), కాన్‌ఫోకల్ మైక్రోస్కోపీ (కణాల్ని పొరలు పొరలుగా స్పష్టంగా చూడటం) చేతికొచ్చినవాళ్లకు డయాగ్నస్టిక్స్‌లోనూ, మందుల పరిశోధనలోనూ, సెల్ థెరపీలోనూ పని ఉంటుంది. కాబట్టి కాస్త నిదానించండి.

నాకు అనుమానమల్లా మీరు చెప్పే కోర్సు మీదే. లిక్విడ్ బయాప్సీల్లో బాగా పేరున్న ఒక పరీక్షలో 7.5 మిల్లీలీటర్ల రక్తంలోంచి, ఒంటిమీద ఎప్‌క్యామ్ ప్రొటీన్ ఉన్న కణాల్ని అయస్కాంత రేణువులతో పట్టి లెక్కపెడతారు. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో 5 కణాలు దొరికినా పరిస్థితి బాగాలేనట్టే లెక్క. ఒకటి అటూ ఇటూ అయితే తీర్పే మారిపోతుంది. పైగా వలసకు సిద్ధమైన కణాల్లో కొన్ని ఎప్‌క్యామ్‌ను తగ్గించేసుకుంటాయి, అవి చిక్కవు. ఈ సంగతి ఎరగనివాళ్లు తెరమీద సున్నా కనిపిస్తే రోగం లేదనుకుంటారు. సాఫ్ట్‌వేర్ నడపడం నేర్పే కోర్సు దీన్ని నేర్పుతుందా?

మీ అమ్మాయి పట్టుకున్నది సరిగ్గా ఆ మూలాన్నే. ఊపిరితిత్తుల కేశనాళికల వెడల్పు 10 మైక్రాన్ల లోపే, గడ్డ నుంచి వచ్చే కణాలు చాలావరకు అంతకంటే పెద్దవి. ఇరుక్కోవడం సులువే. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు చుట్టూ కప్పి కాపాడాలి, సెలెక్టిన్లు, ఇంటెగ్రిన్లు అనే అతుక్కునే ప్రొటీన్లు నాళం గోడకు పట్టు ఇవ్వాలి, గోడ దాటి అవతల బతకాలి. ఎక్కువ కణాలు ఈ దారిలోనే చస్తాయి.

ల్యాబ్‌లో తిప్పలు వేరు. ఎలుక తోక సిరలోకి ఎక్కించే కణాలు ముద్దకడితే ఊపిరితిత్తుల నాళాలు మూసుకుపోయి ఎలుక అప్పటికప్పుడే చనిపోవచ్చు. పెంచిన గిన్నె నుంచి కణాల్ని ఊడదీసే ట్రిప్సిన్ ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచితే అతుక్కునే ప్రొటీన్లే తెగిపోతాయి, అప్పుడు బాగా అతుక్కునే కణం కూడా అతుక్కోనట్టే కనిపిస్తుంది. ఇవన్నీ ఓపిగ్గా నేర్చుకుంటానని పిల్ల ముందుకొస్తే, ఎవరో చెప్పిన జీతాల లెక్కతో వెనక్కి లాగుతారా? మీ ఉత్తరంలో ఆమె ఎందుకు ఇష్టపడుతోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

డేటా పని వద్దనను. ఆర్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు పీహెచ్‌డీ చేస్తూనే నేర్చుకోవచ్చు.

చేరేముందు గైడ్‌ను ఆమె చేతే అడిగించండి: ఫెలోషిప్ ఎన్నేళ్లు, పాత విద్యార్థులు ఎన్నేళ్లకు బయటపడ్డారు, రక్తప్రవాహాన్ని అనుకరించే ఫ్లో ఛాంబర్ ఉందా, జంతు ప్రయోగాలకు ఎథిక్స్ అనుమతి వచ్చిందా. ఫెలోషిప్ లేదంటే మాత్రం చేరనివ్వకండి. మీ పట్టుదలంతా అక్కడ చూపించండి.