మచ్చలు కాళ్ల మీద, టెస్టు మోషన్‌కా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మకి 54 ఏళ్లు, ఆనందపురం దగ్గర మా పూలతోటలో పని చూసుకుంటుంది, చెప్పులు వేసుకోమంటే వినదు. రెండు నెలలుగా పిక్కల మీద ఎర్రమచ్చలు, నొక్కినా పోవట్లేదు. బయాప్సీ చేసి వాస్కులైటిస్ అన్నారు. సీబీపీ రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు 22 శాతం, చాలా ఎక్కువట. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు మోషన్ టెస్ట్ చేయించమన్నారు డాక్టరుగారు. మచ్చలకీ కడుపులో పురుగులకీ ఏమిటి సంబంధం? మామయ్య తన దగ్గరున్న స్టెరాయిడ్ మాత్రలు వేసేయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఊరికే తిప్పడం కాదమ్మా, మీ డాక్టరుగారు సరిగ్గానే అడిగారు. వాస్కులైటిస్ అంటే రక్తనాళాల గోడలు వాచి దెబ్బతినడం, రక్తం చర్మంలోకి చిమ్ముతుంది కాబట్టే నొక్కినా ఎరుపు పోదు. పడని మందులు, హెపటైటిస్ బి, సి, ఇలా కారణాలు చాలా ఉన్నాయి, పురుగులు వాటిలో అరుదే. కానీ ఈసినోఫిల్స్ అంత ఉండి, పైగా తడిమట్టిలో వట్టికాళ్లతో పని అంటే పురుగుల సంగతి తేల్చుకోవాల్సిందే.

నా అనుమానం ముందు స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నటి పురుగు మీదికే పోతుంది. దాని లార్వాలు, అంటే పిల్లపురుగులు, పాదాల చర్మంలోంచి దూరి, రక్తంలో పడి ఊపిరితిత్తులకు చేరి, అక్కణ్నుంచి గొంతులోకి పాకి, మింగుడుపడి, చివరికి పేగులో కాపురం పెడతాయి. అక్కడ పుట్టిన వాటిలో కొన్ని బయటికి పోకుండానే మళ్లీ ఒంట్లోకి దూరతాయి, అందుకే చిన్నప్పుడెప్పుడో పట్టినది కూడా దశాబ్దాల పాటు ఉండిపోగలదు. పురుగు మీదికి ఒళ్లు పంపిన ఈసినోఫిల్స్, యాంటీబాడీలే కొందరిలో రక్తనాళాల గోడల్ని కూడా వాచేలా చేస్తాయి.

అసలు భయం స్టెరాయిడ్‌తోనే. పురుగు ఉండగా అది పడితే మచ్చలు తగ్గినట్టే కనిపిస్తాయి, ఈసినోఫిల్స్ కూడా దిగిపోతాయి, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు, లోపల మాత్రం లార్వాలు విపరీతంగా పెరిగి, పేగులోని బ్యాక్టీరియాని కూడా రక్తంలోకి మోసుకుపోయి ప్రాణం మీదికి తెస్తాయి.

మోషన్ టెస్ట్ ఒక్కసారి చేస్తే దొరక్కపోవచ్చు, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఇవ్వండి, వీలైతే రక్తంలో యాంటీబాడీ టెస్టు కూడా. ఉందని తేలితే ఐవర్‌మెక్టిన్ ఇస్తారు, బళ్లో పిల్లలకి వేసే ఆల్బెండజోల్ ఒక్క మాత్ర దీనికి చాలదు. రాత్రిళ్లు దగ్గు, ఆయాసం ఉంటే తప్పక చెప్పండి: బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వల్ల కూడా ఈసినోఫిల్స్ పెరుగుతాయి, ఆస్తమా ఉన్నవాళ్లకి వచ్చే ఒక రకం వాస్కులైటిస్‌లో పురుగేమీ లేకపోయినా పెరుగుతాయి.

మూత్రం ఎర్రగా వచ్చినా, పాదం పట్టుతప్పి వేలాడినా రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, అలాంటప్పుడు పురుగుల మందు, స్టెరాయిడ్ రెండూ ఒకేసారి మొదలుపెట్టాల్సి రావచ్చు.

మామయ్యగారి మాత్రలు మామయ్యగారికే తిరిగిచ్చేయండి. ఈపాటికే అమ్మ కొన్ని వేసుకుని ఉంటే మాత్రం ఎన్ని, ఎన్నాళ్లు అన్నది దాచకుండా డాక్టరుగారికి చెప్పండి.