రీగన్ డెమోక్రాట్లు ఎవరు? పార్టీ మారకుండా ఓటెందుకు మార్చారు?

అమెరికాలో డెమోక్రాట్లుగానే ఉంటూ 1980, 1984 ఎన్నికల్లో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ రొనాల్డ్ రీగన్‌కు ఓటేసినవాళ్లు. ఎక్కువమంది ఉత్తరాది పారిశ్రామిక రాష్ట్రాల తెల్లజాతి కార్మికులు.

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరం పక్కనున్న మేకోంబ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) దీనికి పేరుపడ్డ ఉదాహరణ. కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లూ, యూనియన్ కుటుంబాలూ ఎక్కువ. 1960లో డెమోక్రాట్ కెనెడీకి సుమారు 63 శాతం ఓట్లేసిన ఈ కౌంటీ 1984లో రీగన్‌కు 66 శాతం వేసింది.

మొదటి కారణం జేబు. 1980లో ద్రవ్యోల్బణం 13 శాతం దాటింది, కార్ల కంపెనీల్లో ఉద్యోగాలు ఊడుతున్నాయి. దానికి తోడు ఇరాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉండిపోవడంతో అప్పటి డెమోక్రాట్ అధ్యక్షుడు కార్టర్ చేతగానివాడన్న పేరొచ్చింది. రీగన్ కూడా 1962 దాకా డెమోక్రాటే, పైగా నటుల యూనియన్‌కు అధ్యక్షుడిగా చేసినవాడు. అందుకే మరీ పరాయివాడిగా తోచలేదు.

పైకి చెప్పుకోని కారణం ఇంకొకటుంది, జాతి. తమ పన్నుల డబ్బంతా డెట్రాయిట్ నల్లజాతివాళ్లకే పోతోందన్న అక్కసు 1985లో ఎన్నికల సర్వేలు చేసే స్టాన్లీ గ్రీన్‌బర్గ్ మేకోంబ్ ఓటర్లతో మాట్లాడినప్పుడు బాగా బయటపడింది. కాబట్టి వీళ్లందరికీ ‘మధ్యేవాదులు’ అని పేరు పెట్టడం సగమే నిజమని నా అభిప్రాయం.

అలాగని పార్టీని పూర్తిగా వదిలేయలేదు. 1984లో రీగన్ 49 రాష్ట్రాలు గెలిచినా ప్రతినిధుల సభ (అక్కడి పార్లమెంటు దిగువ సభ) డెమోక్రాట్ల చేతిలోనే ఉంది. మన దగ్గర ఎమ్మెల్యేకి ఒక పార్టీ, ఎంపీకి ఇంకో పార్టీ వేస్తారే, ఆ క్రాస్ ఓటింగే ఇది. ఇదే మేకోంబ్ 2008, 2012లలో ఒబామాకూ, 2016లో ట్రంప్‌కూ మెజారిటీ ఇచ్చింది.